చాంద్రరోగి, పామరుడు, క్రైస్తవుడు: మెదడు తేడాలకు మనుష్యులు పెట్టిన పేర్ల చరిత్ర

ఉపోద్ఘాతము

మంచిర్యాలలో మా సంఘమునకు వచ్చే ఒక తల్లి కొంతకాలము క్రిందట ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత మా దగ్గరకు వచ్చి కూర్చున్నది. ఆమె కుమారునికి తొమ్మిది సంవత్సరములు. పిలిస్తే పలుకడు, ఎదుటివారి ముఖము చూడడు. అయితే కీర్తనల పుస్తకములో ఏ పాట ఏ సంఖ్యలో ఉన్నదో అడిగితే తప్పకుండా చెబుతాడు. బడిలో వానిని మొద్దు అన్నారు. ఊరిలో బంధువులు గాలి సోకినదన్నారు. హైదరాబాదులో డాక్టరుగారు ఆటిజం అనే రుగ్మత అని కాగితము మీద వ్రాసి ఇచ్చినారు. అమెరికాలో ఉన్న ఆమె తమ్ముడు ఫోనులో, "అక్కా, అది రోగమే కాదు, మనుషులలో ఉండే తేడాలలో అదొకటి" అని చెప్పినాడట. "అయ్యగారూ, వీటిలో ఏది నిజము? వానిని బాగు చేయమని ప్రార్థన చేయాల్నా, వద్దా?" అని ఆమె అడిగినది.

ఆ దినమున మేము ఆమెకు సరియైన జవాబు చెప్పలేకపోయినాము. ప్రార్థన చేసి పంపినాము. ఈ వ్యాసము ఆ జవాబును వెదకుటకు చేసిన ప్రయత్నము.

మెదడు పనిచేయు విధానములోని తేడాలను రుగ్మతలుగా ఎంచవలెనా, లేక సృష్టిలోని సహజ వైవిధ్యముగా ఎంచవలెనా అనే చర్చ గత ముప్పది సంవత్సరములుగా పాశ్చాత్య దేశములలో జరుగుచున్నది. ఇది క్రొత్త చర్చ వలె కనిపించినను, దీని వెనుక ఉన్న ప్రశ్న సంఘమునకు పాతదే. మన కంటె భిన్నముగా ఉన్న మనిషికి ఏ పేరు పెట్టవలెను? ఆ పేరు పెట్టిన తరువాత అతనిని ఎక్కడ కూర్చుండబెట్టవలెను? రెండు వేల సంవత్సరములుగా వాడుకలో ఉన్న మూడు పేర్లను, గత శతాబ్దములో వచ్చిన రెండు పేర్లను ఈ వ్యాసములో వరుసగా పరిశీలింతము. పేరు మంచిదా చెడ్డదా అనునది ఆ మాటలోనే లేదని, ఆ పేరు మనచేత ఏమి చేయించినదో దానిని బట్టియే తీర్పు చేయవలెనని మా అభిప్రాయము.

1. చాంద్రరోగి

మత్తయి 17:15లో ఒక తండ్రి తన కుమారుని గూర్చి ప్రభువును వేడుకొన్నాడు. ఆ బాలుడు తరచుగా నిప్పులోను నీళ్లలోను పడుచుండెను. మన పాత తెలుగు అనువాదము అతనిని చాంద్రరోగి అని పిలిచినది. గ్రీకు మూలములో ఉన్న సెలేనియాజోమాయి అనే క్రియ సెలేనే, అనగా చంద్రుడు, అనే పదము నుండి వచ్చినది. చంద్రుని వృద్ధి క్షయములను బట్టి ఈ వ్యాధి వచ్చి పోవునని ప్రాచీనులు నమ్మిరి. లాటిను బైబిలు దీనిని లూనాటికుస్ అని అనువదించినది. ఆంగ్లములోని లూనటిక్ అనే మాటకు మూలము ఇదే.

ఇక్కడ బోధకులు గమనింపవలసిన ఒక సంగతి ఉన్నది. మత్తయి 4:24లో సువార్తికుడు ప్రభువునొద్దకు తేబడినవారి జాబితా ఇచ్చుచు, దయ్యము పట్టినవారిని వేరుగాను, చాంద్రరోగులను వేరుగాను, పక్షవాయువు గలవారిని వేరుగాను పేర్కొన్నాడు. 17వ అధ్యాయములోని బాలుని విషయములో దయ్యము వెళ్లగొట్టబడిన మాట నిజమే. అయితే మూర్ఛ వచ్చిన ప్రతివానికి దయ్యము పట్టినదని చెప్పుటకు మత్తయి మనకు అధికారము ఇవ్వలేదు. ఆయన జాబితాలో అవి రెండు వేరు వేరు గుంపులు. క్రీస్తు పూర్వము 400 ప్రాంతమునకు చెందిన, హిప్పోక్రటీసు పేరున ఉన్న గ్రీకు వైద్య గ్రంథమొకటి మూర్ఛ ఇతర వ్యాధుల కంటె ఎక్కువ పవిత్రమైనదేమియు కాదని, దానికి మూలము మెదడులో ఉన్నదని అప్పటికే వాదించినది.

మార్కు 9:21లో మరియొక వివరము ఉన్నది. ప్రభువు ఆ బాలుని స్వస్థపరచుటకు ముందు, ఇది ఎంతకాలము నుండి ఉన్నదని తండ్రిని అడిగినాడు. తండ్రి చిన్నతనము నుండి జరిగినదంతయు చెప్పుకొన్నాడు. సమస్తము ఎరిగిన ప్రభువు ఒక తండ్రి చెప్పుకొనే కథను వినుటకు ఆగినాడు. మన స్వస్థత కూటములలో ఈ ప్రశ్న ఎంతమంది అడుగుచున్నారు?

ఈ విషయములో మా తప్పును కూడ ఒప్పుకొనవలసియున్నది. పరిచర్య ఆరంభ సంవత్సరములలో ఒక బొగ్గుగని కాలనీ సంఘములో ఉండగా, ఫిట్స్ వచ్చే ఒక యౌవనస్థుని కొరకు మూడు దినములు ఉపవాస ప్రార్థన నడిపించినాము. మందులు మానివేయుమని మేము చెప్పలేదు. కాని వాళ్లింటివారు మానిపించినప్పుడు మౌనముగా ఉన్నాము. నాలుగవ దినమున అతడు పొయ్యి దగ్గర పడి చెయ్యి కాల్చుకొన్నాడు. నిప్పులో పడే బాలుని కథను మేము అదే వారములో ప్రసంగించి ఉన్నాము. మూర్ఛకు ఫినోబార్బిటోన్ అనే మందు 1912 నుండి వాడుకలో ఉన్నది. సరియైన చికిత్స దొరికినయెడల పదిమందిలో ఏడుగురి వరకు ఫిట్స్ లేకుండ జీవింపగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అటువంటప్పుడు మూర్ఛను వైవిధ్యమని కీర్తించుట గాని, దయ్యమని గద్దించుట గాని, రెండును ఆ బిడ్డను నిప్పులోనే విడిచిపెట్టుట అగును.

2. పామరుడు

రెండవ పేరు అపొస్తలుల కార్యములు 4:13లో ఉన్నది. యూదుల మహాసభ పేతురు యోహానులను చూచి, చదువు లేనివారని, పామరులని గ్రహించి ఆశ్చర్యపడినది. పామరులు అని మనము చదువుచున్న చోట గ్రీకులో ఉన్న మాట ఇడియోటాయి. పదవి గాని ప్రత్యేక శిక్షణ గాని లేని సాధారణ మనుష్యుడని దాని భావము. ఆంగ్లములోని ఇడియట్ అనే మాట దీని నుండియే పుట్టినది. సంఘమునకు స్తంభములైన ఇద్దరు అపొస్తలులు మొదట ఈ పేరుతోనే పిలువబడిరి.

మధ్యయుగములలో ఇంగ్లండు న్యాయశాస్త్రము ఈ రెండు మాటలను తీసికొని ఆస్తి వ్యవహారములలో వాడుకొన్నది. పుట్టుక నుండి తెలివి లేనివాడు ఇడియట్. చంద్రుని వలె తెలివి వచ్చి పోయేవాడు లూనటిక్. మొదటివాని భూమి రాజు సంరక్షణలోనికి పోయి, దాని ఆదాయము రాజునకు చెందును. రెండవవాని భూమి ఆదాయమును అతని కొరకే నిలిపి ఉంచవలెను. అనగా పేరును బట్టి పొలము ఎవరి చేతిలోనికి పోవునో తేలేది.

అదే భాష మన దేశమునకు వచ్చినది. 1858లో లూనటిక్ అసైలముల చట్టము, 1912లో ఇండియన్ లూనసీ చట్టము వచ్చినవి. 1912 చట్టము లూనటిక్ అనే మాటకు అర్థము చెప్పుచు అందులో ఇడియట్‌ను కూడ చేర్చినది. దీనివలన పుట్టుకతో బుద్ధిమాంద్యము గలవారు, మానసిక వ్యాధి గలవారు ఒకే గోడల మధ్యకు చేరిరి. మద్రాసు రాష్ట్రములో ఉన్న తెలుగు జిల్లాలకు విశాఖపట్నములో 1871లో ఆసుపత్రి ఏర్పడినది. మన కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు నిజాము ఏలుబడిలో ఉండినవి. ఆ సంస్థానపు మానసిక వైద్యశాల మొదట హైదరాబాదు జైలు ఆవరణములో నడిచి, తరువాత ఇప్పటి మహారాష్ట్రలోని జాల్నాకు మారి, 1953లో ఎర్రగడ్డకు వచ్చినది. ఎర్రగడ్డ అనే ఊరి పేరే మన భాషలో తిట్టుగా మారిన సంగతి పాఠకులకు తెలియును. మన ఆదివారపు బడులలో కూడ పిల్లలు ఆ మాట అనుకొనుట మేము విన్నాము.

ఈ కలగాపులగమును విడదీయుటకు చాలా కాలము పట్టినది. 1984లో సికింద్రాబాదులోని మనోవికాస్ నగరులో బుద్ధిమాంద్యము గలవారి కొరకు జాతీయ సంస్థ ఏర్పడినది. ఇప్పుడు అది మేధోపరమైన వైకల్యము గలవారి సాధికారత సంస్థగా పేరు మార్చుకొన్నది. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టము బుద్ధిమాంద్యమును మానసిక వ్యాధి నిర్వచనము నుండి వేరు చేసినది. 1995 వికలాంగుల చట్టము ఏడు వైకల్యములను గుర్తించినది, అందులో ఆటిజం లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టములో ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ చేరినవి. 2016 చట్టము ఏడును ఇరువది ఒకటిగా చేసినది. ఆటిజముతో పాటు, చదువుట వ్రాయుట లెక్కించుటలలో కలిగే ప్రత్యేక ఇబ్బందులు కూడ అందులో ఉన్నవి.

అయితే పాస్టర్లకు అతి దగ్గరగా ఉన్న ఒక చట్టములో పాత మాటలు ఇంకను నిలిచియున్నవి. క్రైస్తవుల వివాహములకు వర్తించు 1869 నాటి విడాకుల చట్టము 19వ సెక్షనులో, వివాహ సమయమున వధూవరులలో ఒకరు లూనటిక్ గాని ఇడియట్ గాని అయియుండుట వివాహమును రద్దు చేయుటకు ఒక కారణము. 1999లో పార్లమెంటు హిందూ వివాహ చట్టము నుండి మూర్ఛ అనే మాటను తొలగించినది. 2019లో ఐదు చట్టముల నుండి కుష్ఠును విడాకుల కారణముగా తొలగించినది, వాటిలో ఈ 1869 చట్టము కూడ ఒకటి. కాని అపొస్తలులకు వాడబడిన ఆ మాట మన వివాహ చట్టములో అట్లే ఉన్నది. దీనిని మార్చుమని మన సంఘములు ఎందుకు అడుగలేదు?

3. క్రైస్తవుడు

మూడవ పేరు ఎక్కువ ఆశ్చర్యము కలిగించును. ఐరోపాలోని ఆల్ప్స్ పర్వత లోయలలో అయోడిన్ లోపము వలన అనేకులు గొంతు వాపుతోను, పొట్టి శరీరముతోను, మందగించిన బుద్ధితోను పుట్టుచుండిరి. వారిని క్రెటిన్లు అని పిలిచిరి. ఈ మాట ఆ ప్రాంతపు ఫ్రెంచి మాండలికములో క్రైస్తవుడు అనే అర్థము గల మాట నుండి వచ్చినదని భాషా చరిత్రకారులలో ఎక్కువమంది అభిప్రాయము. ఇతడు పశువు కాడు, మనవలె మనిషే, బాప్తిస్మము పొందిన క్రైస్తవుడే అని చెప్పుటకు ఆ పేరు పెట్టిరి. కాలక్రమములో అదియు తిట్టుగా మారినది. ప్రేమతో పెట్టిన పేరు కూడ, ప్రేమ తరిగిపోయినప్పుడు, తిట్టుగా మారుటకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ లేదు.

సంఘ చరిత్రలో ఈ రెండు ధోరణులును ప్రక్క ప్రక్కనే నడిచినవి. అగస్టీను సుమారు 412లో వ్రాసిన, పాపము యొక్క ఫలములు మరియు క్షమాపణ గూర్చిన గ్రంథములో బుద్ధి తక్కువైన ఒక మనిషిని గూర్చి చెప్పినాడు. అతడు తనను ఎవరు ఎంత అవమానించినను సహించెను గాని, క్రీస్తు నామమును దూషించినయెడల సహింపలేక, అన్నవారు ఎవరైనను రాళ్లు రువ్వెడివాడు. కృప బుద్ధిని కొలిచి ఇవ్వబడదనుటకు అగస్టీను అతనిని ఉదాహరణగా తీసికొన్నాడు. పదమూడవ శతాబ్దములో థామస్ అక్వినాస్, బుద్ధి బలహీనముగా ఉన్నవారికి ప్రభురాత్రి సంస్కారమును నిరాకరింపకూడదని, వారికిని కొంత భక్తి కలుగగలదని బోధించినాడు. అయితే ఎన్నడును బుద్ధి వికసింపని వారి విషయములో ఆయన కూడ తలుపు పూర్తిగా తెరువలేదు. బెల్జియములోని గేల్ పట్టణములో పరిశుద్ధ డింఫ్నా దేవాలయమునకు స్వస్థత కొరకు వచ్చిన మానసిక బాధితులను మధ్యయుగముల నుండి అక్కడి కుటుంబములే తమ ఇండ్లలో ఉంచుకొని చూచుకొన్నవి. స్వస్థత కలుగనివారిని కూడ వెళ్లగొట్టలేదు. ఆ ఆచారము నేటికిని ఉన్నది.

ఇదే చరిత్రలో మరియొక పుట కూడ ఉన్నది. మార్టిన్ లూథరు భోజనపు బల్లయొద్ద చెప్పిన మాటలను శిష్యులు వ్రాసి ఉంచిరి. వాటిలో డెస్సౌ పట్టణములోని పన్నెండేండ్ల బాలుని గూర్చిన సంభాషణ ఒకటి. ఆ బాలుడు తినుట తప్ప మరేమియు చేయడని విని, లూథరు అతనిని ఆత్మ లేని మాంసపు ముద్దగా ఎంచి, నీటిలో ముంచివేయవలసినదని సలహా ఇచ్చినట్లు అందులో ఉన్నది. అక్కడి ప్రభువులు దానికి ఒప్పుకొనలేదు. విశ్వాసము మూలముగా నీతి అనే సత్యమును మనకు తిరిగి చూపించిన దైవజనుడే, క్రియలు చేయలేని ఒక బిడ్డ యెదుట ఆ సత్యమును మరచిపోయినాడు. దీనిని దాచుట చరిత్రకారుని పని కాదు.

4. ఆటిజం: వైద్యులు పెట్టిన పేరు

ఆటిజం అనే మాటను స్విట్జర్లాండు వైద్యుడు బ్లాయిలర్ 1911 ప్రాంతములో మరియొక మానసిక వ్యాధిలోని ఒక లక్షణమునకు వాడినాడు. తనలోనికి తాను ముడుచుకొనుట అని దాని భావము. 1925లో రష్యా వైద్యురాలు సుఖరేవా ఇటువంటి బాలురను గూర్చి వ్రాసినది గాని ఆమె మాట చాలా కాలము మరుగున ఉండెను. 1943లో అమెరికాలో లియో కానర్ పదకొండుగురు పిల్లలను, 1944లో వియన్నాలో హాన్స్ ఆస్పర్గర్ నలుగురు బాలురను వర్ణించిరి.

ఆస్పర్గర్ కథ సెమినరీ విద్యార్థులు ప్రత్యేకముగా చదువవలసినది. తెలివిగల ఆటిజం బాలురను ఆయన కాపాడినాడని చాలా కాలము చెప్పుకొనిరి. 2018లో హెర్విగ్ చెక్, ఎడిత్ షెఫర్ అనే ఇద్దరు చరిత్రకారులు వియన్నా పత్రములను పరిశీలించి, ఆయన కొందరు పిల్లలను ఆమ్ స్పీగెల్‌గ్రుండ్ అనే సంస్థకు పంపినట్లు చూపించిరి. నాజీల కాలములో అక్కడ సుమారు 789 మంది పిల్లలు మరణించిరి, అనేకులు చంపబడిరి. రాజ్యమునకు ఉపయోగపడు తెలివిగల బిడ్డ ఒకవైపునకు, ఉపయోగపడని బిడ్డ మరియొకవైపునకు వేరు చేయబడిరి. జర్మనీలో టి4 అనే పథకము క్రింద 1941 ఆగస్టు నాటికి డెబ్బది వేలకు పైగా వికలాంగులు, మానసిక బాధితులు చంపబడిరి. 1941 ఆగస్టు 3న మ్యూన్‌స్టర్ బిషపు ఫోన్ గాలెన్ ప్రసంగ వేదిక మీదనుండి దీనిని హత్య అని పేరు పెట్టి ఖండించినాడు. ఆ నెలలోనే ఆ పథకము అధికారికముగా నిలుపబడినను, చంపుట రహస్యముగా కొనసాగినది. బిషపు చేసిన పనులలో మొదటిది దానికి సరియైన పేరు పెట్టుట.

యుద్ధము తరువాత నింద తల్లుల మీదికి వచ్చినది. 1967లో బెటెల్‌హైమ్ వ్రాసిన గ్రంథము, తల్లి ప్రేమ చల్లబడుట వలన ఆటిజం కలుగుననే భావమును విస్తరింపజేసినది. బెర్నార్డ్ రిమ్లాండ్, తానే ఒక ఆటిజం బాలుని తండ్రి, ఇది శరీరములోనిదని, పెంపకములోనిది కాదని 1964లోనే వాదించియుండెను. తరువాతి పరిశోధనలు ఆయన పక్షముననే నిలిచినవి. జన్యువుల పాత్ర ఇందులో ఎక్కువ. యోహాను 9వ అధ్యాయములో శిష్యులు అడిగిన ప్రశ్న, ఎవరి పాపము వలన ఇట్లు జరిగినదనునది, ఇరువదవ శతాబ్దపు వైద్యములోను మరల అడుగబడినది. ప్రభువు ఆ ప్రశ్నను అప్పుడే త్రోసివేసినాడు. మన గ్రామములలో తల్లిని, ఆమె గర్భమును, ఆమె పుట్టింటివారిని నిందించువారికి ఇదే జవాబు.

5. వైవిధ్యము: వారే పెట్టుకొన్న పేరు

ఇంతవరకు చూచిన పేర్లన్నియు బయటివారు పెట్టినవే. 1993లో జిమ్ సింక్లెయిర్ అనే ఆటిజం గల వ్యక్తి తల్లిదండ్రుల సభలో మాట్లాడుచు, మా కొరకు దుఃఖపడవద్దని, మీరు కలలుగన్న బిడ్డ పుట్టలేదనే దుఃఖమును ఎదుట ఉన్న బిడ్డ మీద మోపవద్దని చెప్పినారు. 1998లో ఆస్ట్రేలియాలో జూడీ సింగర్ తన పరిశోధన పత్రములోను, అదే సంవత్సరము అమెరికాలో హార్వే బ్లూమ్ ఒక పత్రికా వ్యాసములోను నాడీ వైవిధ్యము అనే భావమును వాడిరి. అడవిలో ఒకే రకము చెట్లుంటే అడవి బలహీనమగునట్లు, మనుష్యులలోను ఒకే రకము మెదడులుండుట మేలు కాదని దాని సారాంశము.

దీనికి అభ్యంతరములు ఉన్నవి, అవి తేలికైనవి కావు. మాటలాడగలిగి, ఉద్యోగము చేయగలిగినవారు తమను వైవిధ్యమని చెప్పుకొనుట సులభము. తల గోడకు కొట్టుకొనే బిడ్డ, కడుపునొప్పి వచ్చినను చెప్పలేని బిడ్డ, జీవితాంతము ఒకరి కాపుదల అవసరమైన బిడ్డ పక్షముగా ఎవరు మాట్లాడుదురు? 2021లో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన సంఘము ఇటువంటివారు మరుగునపడకుండునట్లు తీవ్ర ఆటిజం అనే ప్రత్యేకమైన పేరును సూచించినది. దానిని కూడ కొందరు ఆటిజం గలవారు వ్యతిరేకించిరి. వాదము ఇంకను ముగియలేదు.

మన 2016 చట్టము ఈ రెండు భాషలను ఒకే కాగితము మీద వ్రాసినది. దాని పీఠికలో, 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడికను అనుసరించి, వికలాంగులను మానవ వైవిధ్యములో భాగముగా అంగీకరింపవలెనని ఉన్నది. దాని పట్టికలో ఆటిజం పేరు రుగ్మత అనే మాటతోనే ఉన్నది. నిర్వచనము దగ్గరకు వచ్చునప్పటికి మాత్రము దానిని నాడీ వికాసమునకు సంబంధించిన ఒక స్థితి అన్నది. ఇది పొరపాటుగా మాకు తోచలేదు. మనిషిని గూర్చి మాట్లాడునప్పుడు వైవిధ్యమనియు, సహాయమును గూర్చి మాట్లాడునప్పుడు వైకల్యమనియు చట్టము చెప్పుచున్నది.

6. మన జిల్లాలలో ఈ ప్రశ్న

మన ప్రాంతమునకు వచ్చినప్పుడు మూడు సంగతులు గుర్తుంచుకొనవలెను.

మొదటిది, అన్నియు వైవిధ్యము కాదు. ఆదిలాబాదు గిరిజన ప్రాంతములలో అయోడిన్ లోపము వలన కలిగే గొంతు వాపు పాత సమస్య. ఆల్ప్స్ లోయలలో క్రెటిన్ అనే పేరు ఎందుకు పుట్టినదో, అదే లోపము గోదావరి తీరమున కూడ గర్భములోని శిశువు మెదడును దెబ్బతీయగలదు. ప్రపంచములో నివారింపదగిన మెదడు నష్టమునకు అతి పెద్ద కారణములలో ఇది ఒకటి. భారత ప్రభుత్వము 1962లో గాయిటర్ నివారణ కార్యక్రమమును ఆరంభించి, 1992లో దానిని అయోడిన్ లోప వ్యాధుల కార్యక్రమముగా విస్తరించినది. 2006 నుండి తినుటకు అయోడిన్ లేని ఉప్పును అమ్ముట నిషేధము. ఒక చిటికెడు ఉప్పుతో తప్పింపగలిగిన నష్టమును దేవుని చిత్తమని గాని, సహజ వైవిధ్యమని గాని ప్రసంగించుట పాపము.

రెండవది, రుగ్మత అనే కాగితము మన ప్రజలకు అన్నముతో ముడిపడియున్నది. నలభై శాతము వైకల్యము ఉన్నదని వ్రాసిన సర్టిఫికెటు లేనిదే పింఛను రాదు. తెలంగాణలో ఈ పింఛను 2023లో నెలకు 4,016 రూపాయలైనది. మండలములోని భవిత కేంద్రమునకు బిడ్డను పంపుటకు కూడ ఎవరో ఒకరు ఆ తేడాను గుర్తించి పేరు పెట్టవలెను. పట్టణపు గదిలో కూర్చుండి పేర్లు వద్దనుట సులభము. జన్నారము నుండి బస్సెక్కి, బిడ్డను చంకనెత్తుకొని, సదరం శిబిరము వరుసలో నిలువబడిన తల్లికి ఆ పేరు అవసరము.

మూడవది, పేరు మారుటతో పని ముగియదు. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి వికలాంగులను దివ్యాంగులని పిలువవలెనని చెప్పిన తరువాత ప్రభుత్వ కాగితములలో ఆ మాట వచ్చినది. వికలాంగుల హక్కుల కొరకు పనిచేయువారిలో అనేకులు, దైవత్వము మాకు వద్దు, మెట్లు లేని దారి కావలెనని జవాబిచ్చిరి. క్రెటిన్ అనే మాట చరిత్ర తెలిసినవారికి వారి భయము అర్థమగును.

పేరుతోపాటు క్రియ కూడ మారినప్పుడు ఏమి జరుగునో మన పొరుగున నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో చూడవచ్చును. వెస్లియను మిషనరీలైన ఇసబెల్ కెర్, జార్జి కెర్ దంపతులు 1915లో అక్కడ కుష్ఠు ఆసుపత్రిని స్థాపించిరి. లేవీయకాండమును అడ్డుపెట్టుకొని వెలివేయబడినవారిని వారు ఆ పేరు తుడిచివేయకుండనే, వారి గాయములను కట్టిరి. రోగమును రోగమని పిలిచిరి, రోగిని అపవిత్రుడని పిలువలేదు. వందేండ్ల తరువాత చట్టము కూడ ఆ దారినే వచ్చినది.

7. సంఘమునకు వచ్చు ప్రశ్న

కాబట్టి రుగ్మతా, వైవిధ్యమా అనే ప్రశ్నకు ఒకే మాటలో జవాబు లేదని చరిత్ర చూపుచున్నది. బాధ కలిగించునది, తప్పింపగలిగినది, చికిత్స ఉన్నది ఏదైనను దానిని రుగ్మత అనుటకు వెనుదీయకూడదు. మూర్ఛ, అయోడిన్ లోపము అటువంటివి. ఆ బిడ్డ ప్రపంచమును చూచు తీరు, అతని జ్ఞాపకము, అతని మౌనము, అతని ఇష్టములు అతని నుండి విడదీయలేనివి. వాటిని రోగమని పిలుచుట ఆ బిడ్డనే రోగమని పిలుచుట. ఒకే బిడ్డలో రెండును కలిసియుండవచ్చును. నిర్గమకాండము 4వ అధ్యాయములో మోషే తన నోటి మాంద్యమును గూర్చి చెప్పినప్పుడు, నోటిని చేసినవాడను నేనే అని దేవుడు జవాబిచ్చినాడు. ఆయన ఆ మాంద్యమును తీసివేయలేదు, ప్రక్కన అహరోనును నిలువబెట్టినాడు. ఇది సహాయమునకు పాత నిబంధన ఇచ్చిన మాదిరి.

ఇక ప్రభువు బల్ల విషయము. విశ్వాస ప్రమాణము అప్పగించలేనివారికి ప్రభురాత్రి భోజనము ఇయ్యరాదని మన సంఘములలో అనేకచోట్ల వాడుక ఉన్నది. 1 కొరింథీయులకు 11:28లోని స్వపరీక్షను దీనికి ఆధారముగా చూపుదురు. కాని ఆ అధ్యాయములో పౌలు గద్దించినది తెలివి లేనివారిని కాదు. తమ భోజనము తాము ముందుగా తిని, లేనివారిని సిగ్గుపరచినవారిని ఆయన గద్దించినాడు. శరీరమును వివేచింపకపోవుట అనగా ప్రక్కన ఆకలితో ఉన్న సహోదరుని చూడకపోవుట. మరుసటి అధ్యాయములోనే బలహీనముగా కనబడు అవయవములు అవసరమైనవని ఆయన వ్రాసినాడు. ఈ లెక్కన పరీక్షలో తప్పినది మాటలు రాని ఆ బాలుడు కాదు, అతనిని దాటి గిన్నెను ముందుకు పంపిన మనము.

ముగింపు

ఆ తల్లికి మేము ఆలస్యముగానైనను జవాబు చెప్పవలసియుండెను. గత సంవత్సరము మరల ఆమెతో మాట్లాడినాము. "అమ్మా, డాక్టరుగారు చెప్పినదానిలో నిజమున్నది, నీ తమ్ముడు చెప్పినదానిలోను నిజమున్నది. గాలి సోకినదన్న మాట మాత్రము అబద్ధము. నీ వలన గాని, నీ పాపము వలన గాని వాడు ఇట్లు పుట్టలేదు. వానికి నిద్ర పట్టవలెనని, నొప్పి వస్తే చెప్పగలుగవలెనని, వాని కోపము తగ్గవలెనని ప్రార్థన చేయుము. మేమును చేస్తాము. వాడు వేరొక బిడ్డగా మారవలెనని మాత్రము ప్రార్థింపవద్దు. సర్టిఫికెటు కొరకు రేపే వెళ్లుము, మా సంఘ పెద్ద ఒకరు నీతో వస్తారు" అని చెప్పినాము. ఆమె చాలాసేపు ఏమియు అనలేదు. తరువాత, "ఇంత కాలము ఎవరూ చెప్పలేదు, అయ్యగారూ" అన్నది.

ఇప్పుడు మా ఆరాధనలో కీర్తన సంఖ్యను ప్రకటించునది ఆ బాలుడే. పాట మొదటి మాట చెబితే వాడు సంఖ్య చెబుతాడు, సంఘము పుస్తకము తెరుచును. వాడు మమ్మును చూడడు. ఒక్కొక్కసారి చెవులు మూసికొని బయటికి పోతాడు. ఎవరును వెంటపడి తీసికొనిరారు, తలుపు మాత్రము తెరిచి ఉంచుతారు.

మన ప్రభువు ఒక తండ్రిని, ఇది ఎంతకాలము నుండి ఉన్నదని అడిగి, అతడు చెప్పేవరకు వినినాడు. పాస్టర్లమైన మనము పేరు పెట్టుటకు ముందు ఆ ప్రశ్న అడుగుట నేర్చుకొందుము గాక.